అత్త తెచ్చిన మాత్ర

ఆ వీధిలో ఆమెను అందరూ అట్టలమ్మ అనేవారు. చిరిగిన పుస్తకాలు విప్పి, మళ్ళీ కుట్టి, కొత్త అట్టలు వేయడం ఆమె పని. ముందుగది కొట్టు, వెనక ఒక గది, దాని పక్కన ఇద్దరు పట్టే వంటిల్లు. ఆ ఇద్దరిలో రెండో మనిషి ఆమె అత్తగారు.

"ఈ కొట్లో దొరికేవి రెండే సరుకులు. అట్టలూ, అత్తలూ," అని కాలేజీ లైబ్రేరియన్ వచ్చినప్పుడల్లా హాస్యమాడేవాడు.

"అట్టలు అమ్ముతాం సార్, అత్తను అమ్మం," అనేది ఆమె.

"ఎవడు కొంటాడులే!" అని లోపలి నుంచి అత్తగారి గొంతు వినపడేది. ముగ్గురూ కొత్తగా విన్నట్టే నవ్వుకునేవారు.

పని ఆమెకు నాన్న నుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులో ఆయన పక్కన చిన్న పీట వేసుకుని కూర్చుని, దారానికి మైనం రాసి దబ్బనానికి ఎక్కించి ఇచ్చేది. ఆ గదికి కిటికీ లేదు. కాగితాలు ఎగిరిపోతాయని తలుపు కూడా వేసే ఉండేది. ఆయన దగ్గుతూ కుట్టేవాడు, కుడుతూ దగ్గేవాడు. రెండేళ్ళు అలా లాగి పోయాడు. ఆయన పోయాక ఆ పీట మీదే పెద్దదై, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్ నడిపే అతన్ని పెళ్ళి చేసుకుంది. అతను పోయి ఇప్పటికి పదకొండేళ్ళు. మధ్యాహ్నం భోజనం చేసి గుండెల్లో మంటగా ఉందని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. అప్పుడు అత్తగారి కూతురు వచ్చి, "మా ఇంటికి వచ్చెయ్యమ్మా," అని బతిమాలింది. "నాకిక్కడ పని ఉంది," అంది అత్తగారు. ఆవిడకు అక్కడ ఉన్న పనేమిటో ఎవరూ అడగలేదు. అట్టలమ్మ అసలే అడగలేదు.

యాభై రెండో ఏడు వచ్చేసరికి అట్టలమ్మ వేళ్ళు మొండికేశాయి. పొద్దున్నే లేస్తే పిడికిలి ముడుచుకోదు, ముడుచుకుంటే తెరుచుకోదు. కణుపులు ఎర్రగా ఉబ్బేవి. వేణ్ణీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంటే పది గంటలకు గాని దబ్బనం పట్టు చిక్కేది కాదు. పళ్ళ బిగువున నెట్టుకొచ్చింది. అత్తగారికి తెలియకూడదని, గిన్నె కడుగుతున్నట్టు నటిస్తూ కాపడం పెట్టుకునేది.

అత్తగారికి అన్నీ తెలుసు. ఒక చలి పొద్దున కోడలు స్వెటర్ బొత్తాలతో కుస్తీ పడుతుంటే చూసింది. దగ్గరికొచ్చి, చిన్నపిల్లకు పెట్టినట్టు కింది నుంచి పై దాకా ఒక్కో బొత్తామే పెట్టింది. అదేరోజు చెప్పులు వేసుకుని వీధి చివరి మందుల షాపుకు వెళ్ళింది.

"మా కోడలి వేళ్ళు చూడలేకపోతున్నాను నాయనా. ఏదైనా ఇవ్వు," అంది.

షాపతను చెడ్డవాడు కాదు. "ఇవి పొద్దున్నే ఏదైనా తిన్నాక రోజూ ఒకటి వెయ్యమనండి పిన్నిగారూ. మా అమ్మ మోకాళ్ళకూ ఇవే ఇస్తున్నాను. పరిగెడుతోంది," అని చిన్న తెల్ల మాత్రల అట్ట చేతిలో పెట్టాడు.

నాలుగోరోజుకు అట్టలమ్మ చేతులు విచ్చుకున్నాయి. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. ఉదయం ఏడింటికే అచ్చుకాగితాలను ఫారాలుగా మడిచి, వరుస పేర్చి, టకటకా కుట్టేసేది. నాలుగు నెలలుగా పేరుకుపోయిన పుస్తకాల దొంతర రెండు వారాల్లో కరిగింది. నెలనెలా ఆ మాత్రలు తేవడం అత్తగారి పనయింది. పొద్దున్నే టీ గ్లాసు పక్కన మాత్ర పెట్టి, వేసుకునే దాకా నిలబడి చూసేది. కోడలి మొహం గుండ్రంగా నిండితే, బుగ్గ మీద వేలితో తట్టి, "ఇన్నేళ్ళకు నా వంట నీకు ఒంటబట్టిందే అమ్మాయ్!" అని మురిసిపోయింది.

పది నెలలు అలా గడిచాయి.

తర్వాత దగ్గు మొదలైంది. పెద్ద దగ్గేం కాదు, గొంతు సవరించుకున్నట్టు. కాగితం దుమ్మనుకుంది. సాయంత్రాలు ఒళ్ళు కాస్త వెచ్చబడేది. మొహం గుండ్రంగానే ఉంది గాని జబ్బలు మాత్రం సన్నబడ్డాయి. జిగురు రాసే కుంచె కూడా బరువనిపించేది. ఒకసారి కుడుతూ కుడుతూనే కునికిపాటు పడితే దబ్బనం బొటనవేలిలో దిగింది.

అదే వారంలో మెడికల్ కాలేజీ నుంచి పాత పత్రికల కట్టలు బైండింగుకు వచ్చాయి. అట్టలమ్మకు ఒక అలవాటు ఉంది. చేతిలోంచి వెళ్ళే కాగితం చదవకుండా వదలదు. లెక్కల పుస్తకమైనా, వంటల పుస్తకమైనా సరే. ఫారాలు సర్దుతూ ఒక పేజీ దగ్గర ఆగింది. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడినవాళ్ళలో, ఒంట్లో ఎప్పటి నుంచో అణిగి ఉన్న టీబీ మళ్ళీ లేవవచ్చని ఉంది. కింద మందుల పేర్ల పట్టిక. మొదటి పేరు ఎక్కడో చూసినట్టనిపించింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, గూట్లో ఉన్న మాత్రల అట్ట తిప్పి చూసింది. అక్షరం అక్షరం అదే.

స్టవ్ దగ్గర అత్తగారు పాలు పొంగకుండా కాచుకుని నిలబడి ఉంది. "ఏమిటే, మాత్ర వేసుకోలేదా పొద్దున?" అంది.

"వేసుకున్నాను అత్తయ్యా," అంది. అట్టను మళ్ళీ గూట్లోనే పెట్టేసింది.

మర్నాడు రుమాలులో ఎర్రటి నూలుపోగులాంటి చార కనిపించింది. ఇక ఆగలేదు. ఇద్దరూ కలిసి ఛాతీ ఆసుపత్రికి వెళ్ళారు. పొడవాటి వరండా, గోడ వారన బల్లలు, అన్ని కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. కఫం పరీక్ష, ఎక్స్‌రే అయ్యాయి. మూడోరోజు లోపలికి ఒక్కదాన్నే పిలిచారు. అత్తగారు సంచీ ఒళ్ళో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చుంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మాట నెమ్మదిగా మాట్లాడేది. "టీబీ అమ్మా. కుడివైపు పైభాగంలో. ఆరు నెలలు మందులు వాడితే తగ్గుతుంది, భయం లేదు. మీ ఇంట్లో ఇదివరకు ఎవరికైనా వచ్చిందా?"

"మా నాన్నకేమో. రెండేళ్ళు దగ్గి పోయాడు. అప్పుడు నాకు పదేళ్ళు."

"అప్పుడే మీ ఒంట్లోకి వచ్చి ఉంటుంది. చాలామందిలో అది జన్మంతా నిద్రపోతూనే ఉంటుంది. మీలో నలభై ఏళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు లేచిందన్నదే నాకు అర్థం కావడం లేదు. షుగరు లేదు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

తెరిచిన తలుపులోంచి అత్తగారి చెప్పులు కనిపిస్తున్నాయి. బల్ల ఎత్తుగా ఉండి, కాళ్ళు నేలకు ఆనక కాస్త ఊగుతున్నాయి.

"లేదు డాక్టరమ్మా," అంది అట్టలమ్మ.

ఇంటికి వచ్చి గూట్లో ఉన్న తెల్ల మాత్రలు చిత్తుకాగితాల గోనెలో పడేసింది. "ఇక అవి అక్కర్లేదన్నారు అత్తయ్యా. ఈ కొత్తవే చాలట," అని చెప్పింది. అత్తగారు నమ్మింది. డాక్టరు చెప్పినట్టు కిటికీలన్నీ తెరిచి, వెనకగది కోడలికి ఒక్కదానికే వదిలి, తన పక్క ముందుగదిలో కాగితం కట్టల మధ్య వేసుకుంది. కొత్త మందుల్లో ఒక ఎర్రటి గొట్టం మాత్ర ఉంది. దాంతో మూత్రం నారింజ రంగులో వస్తుందని నర్సు ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఇంట్లో గగ్గోలు పుట్టేది.

అయిదోరోజు పదకొండు గంటలప్పుడు అట్టలమ్మ పీట మీంచి లేవబోయింది. గది గిర్రున తిరిగింది. పొద్దుటి నుంచీ కడుపులో తిప్పుతూనే ఉంది. ఒకటే వాంతి. ఒళ్ళంతా చల్లటి చెమట. చేతుల్లో, కాళ్ళల్లో సత్తువ ఎవరో తోడేసినట్టయింది. అత్తగారు వేసిన కేకకు పక్క కొట్టు స్టేషనరీ ఆయన పరిగెత్తుకొచ్చి, తన సరుకుల బండి వెనక పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాడు.

ఆమెకు తర్వాత గుర్తున్నవి కొన్ని మాటలే. "బీపీ దొరకడం లేదు." "షుగరు కూడా బాగా తక్కువ." ఆ వెనక డాక్టరమ్మ గొంతు, "వాంతులు మందుల వల్ల అనుకోవచ్చు గాని ఇంతగా పడిపోకూడదే. పెద్దమ్మా, ఈవిడ ఇంకేమైనా మందులు వాడేవారా?"

సంచీ జిప్పు తీసిన చప్పుడు అయింది.

"ఇదిగో," అంది అత్తగారు. "ఈ నెలవి నిన్ననే... కాదు, పోయిన వారమే తెచ్చాను. సంచీలోనే ఉండిపోయాయి. పది నెలల నుంచీ నేనే తెచ్చి నేనే వేయిస్తున్నాను. అయిదురోజులయింది మానేసి. మీరే వద్దన్నారని చెప్పింది."

"నేను అనలేదు."

"అయితే మీరే చెప్పండి డాక్టరమ్మా. దీనివల్లేనా ఇదంతా?" అంది అత్తగారు.

కళ్ళు తెరిచి "కాదు" అనాలని అట్టలమ్మ ప్రయత్నించింది. నాలుక కదల్లేదు. డాక్టరమ్మ అప్పటికే నర్సును కేకేస్తోంది. నరంలోకి ఇంజెక్షన్ వెళ్ళింది, సెలైన్ ఎక్కింది. ఎండ కిటికీ దిగేలోపు ఆమె లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగింది.

సాయంత్రం డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఇద్దరి మధ్యా కూర్చుంది.

"ఇద్దరూ వినండి. మన కిడ్నీల మీద టోపీల్లాంటి రెండు చిన్న గ్రంథులుంటాయి. స్టెరాయిడ్ అనే హార్మోను అవే తయారు చేస్తాయి. తెల్లవారుజామున ఎక్కువగా వదులుతాయి, మనం లేచి నిలబడడానికి కావాల్సిన బలం అదే. రోజూ బయటి నుంచి మాత్ర వస్తుంటే, ఇక మాతో పనేముందని అవి పడుకుంటాయి. మీరు మాత్ర ఒక్కసారిగా ఆపేశారు. లోపలివి లేవలేదు, బయటిది రాలేదు. అందుకే పడిపోయారు."

"మరి దగ్గు జబ్బు?" అంది అత్తగారు. ఆవిడ వదిలేట్టు లేదు.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. "మన రక్తంలో కాపలా కణాలుంటాయి పెద్దమ్మా. టీబీ క్రిమి లోపలికొస్తే దాని చుట్టూ గుమిగూడి కదలకుండా పట్టుకుంటాయి. మీ కోడలి ఒంట్లో నలభై ఏళ్ళు అలా పట్టుకునే ఉన్నాయి. ఆ కణాలే ఎందుకో దారి తప్పి ఆమె కీళ్ళ మీద పడ్డాయి. అందుకే ఆ వాపు. ఈ మాత్ర వాటిని శాంతపరుస్తుంది. కీళ్ళ దగ్గర గొడవ తగ్గింది. క్రిమి దగ్గర పట్టూ సడలింది. జ్వరాన్నీ అణిచేస్తుంది కాబట్టి మీకు త్వరగా తెలియలేదు."

అత్తగారు చేతిలో సంచీని చూసుకుంటూ కూర్చుంది.

"మందు చెడ్డది కాదు," అంది డాక్టరమ్మ. "మెదడు పొరకు టీబీ వస్తే మేమే ఈ మందు ఇస్తాం, టీబీ మందులతో కలిపి. అక్కడ కాపలా కణాల ఆవేశమే మనిషికి ముప్పు తెస్తుంది. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అన్నది చూసి ఇవ్వాలి. ఇప్పుడు ఈవిడకీ ఇవ్వాలి. ఇదివరకటి కంటే ఎక్కువే ఇవ్వాలి."

అట్టలమ్మ ఉలిక్కిపడింది. "దీనివల్లే వచ్చిందంటున్నారు, మళ్ళీ దీన్నే మింగమంటారా?"

"ఆ ఎర్ర మాత్ర ఉంది చూశారా, అది టీబీని చంపుతుంది గాని, స్టెరాయిడ్‌ను కూడా ఒంట్లోంచి త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకే మోతాదు పెంచాలి. క్రిమి పని ఎర్ర మాత్ర చూసుకుంటుంది. తర్వాత నేను చెప్పినప్పుడు, చెప్పినంత, మెల్లమెల్లగా తగ్గిద్దాం. మీ అంతట మీరు ఒక్క పూట కూడా మానకండి. ఇంకోసారి నాకు అబద్ధం చెప్పకండి."

"చెప్పదు," అంది అత్తగారు.

మూడోరోజు ఇంటికి వచ్చారు. అత్తగారు వంట చేసి పళ్ళెం వెనకగది గుమ్మంలో పెట్టింది. మాట్లాడలేదు. మర్నాడూ అంతే. టీ గ్లాసు పెట్టి, పక్కన మాత్రలు పెట్టి, గోడ వైపు చూస్తూ నిలబడేది. రెండోరోజు సాయంత్రం అట్టలమ్మే కదిలించింది.

"అత్తయ్యా, మీకేం తెలుసు? మీరు నా మంచికేగా తెచ్చారు."

"దానికి కాదే నా కోపం."

"మరి?"

"నీకు ముందే తెలుసు. ఆ రోజు పత్రిక చదువుతూ లేచొచ్చి మాత్రల అట్ట తిప్పి చూశావు కదూ? నీ మొహం చూసి పట్టేశాను ఆ ఆసుపత్రిలో. తెలిసీ డాక్టరు దగ్గర దాచావు. ఎందుకు? ముసలిది తట్టుకోలేదనా?" అంది అత్తగారు. "కన్నకొడుకు పోతే తట్టుకున్నాను. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించాను. నా వల్ల తప్పు జరిగిందంటే ఏడుస్తాను, రెండ్రోజులు అన్నం సహించదు. అంతే కదా? నన్ను ఏడవనివ్వకుండా ఉండడానికి నువ్వు చచ్చిపోతావా? అప్పుడు నేను ఎవరి దగ్గర ఏడవాలి?"

అట్టలమ్మ ఏడ్చేసింది. ముక్కుకు కట్టుకున్న మాస్కు తడిసిపోయింది. గుమ్మానికి ఇటు ఆమె, అటు అత్తగారు, మధ్యలో తెరిచిన తలుపు. దగ్గరికి వెళ్ళే వీలు లేదు ఇంకా.

"తప్పయిపోయింది అత్తయ్యా."

"సరేలే. కూర చల్లారిపోతోంది, తిను," అని అత్తగారు అక్కడే గుమ్మం అవతల కూలబడి, చాలా రోజుల తర్వాత కడుపారా ఏడ్చింది. కోడలు పళ్ళెం ముట్టకుండా ఆవిడ ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

మర్నాడు అత్తగారు మందుల షాపుకు వెళ్ళింది. ఏం గొడవ అవుతుందోనని అట్టలమ్మ కిటికీ దగ్గరే నిలబడింది. తిరిగొచ్చాక అడిగితే, "గొడవెందుకు? జరిగింది జరిగినట్టు చెప్పాను. మీ అమ్మక్కూడా ఇవే ఇస్తున్నానన్నావు కదా నాయనా, ఆమెకు దగ్గుందా అని అడిగాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు," అంది. ఆ శుక్రవారం షాపు మూసి, అతను తన తల్లిని చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కించడం స్టేషనరీ ఆయన చూశాడట. ఆ తర్వాత ఎవరు అడిగినా, డాక్టరు చీటీ లేనిదే ఆ మాత్ర ఇవ్వడం మానేశాడు.

అత్తగారికీ ఎక్స్‌రే తీశారు. శుభ్రంగా ఉంది. "చూశావా, నా ఛాతీ కొత్త ఇల్లులా ఉందట," అని ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

రెండో నెల పరీక్షలో కఫంలో క్రిములు లేవన్నారు. మంచాలు మళ్ళీ పక్కపక్కకు వచ్చాయి. స్టెరాయిడ్ తగ్గిస్తున్నకొద్దీ మాత్రం వేళ్ళ నొప్పి తిరిగొచ్చింది. టీబీ మందులు పూర్తయ్యాక కీళ్ళకు వేరే మందు మొదలుపెడదామని, అప్పటిదాకా ఓర్చుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అంటే నాలుగు నెలలు. కొట్లో పుస్తకాలు మళ్ళీ పేరుకుపోతున్నాయి.

ఒక పొద్దున అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని పీట మీద కూర్చుంది. "చెప్పు. ఎక్కడ గుచ్చాలి?"

"మీరా? డెబ్బై ఆరేళ్ళకా?"

"గుడ్డలు కుట్టలేదూ నేను? దీనికేం, కాగితం. కదలదు, ఏడవదు."

కదలలేదు గాని ఏడిపించింది. మొదటి పుస్తకంలో మూడో ఫారం తలకిందులుగా కుట్టేసింది. విప్పారు. రెండోసారి దారం బిగించి లాగితే మడతే తెగింది. "మీ లైబ్రేరియన్‌కు ఇదొక కొత్త ఫ్యాషన్ అని చెప్పు," అంది. అట్టలమ్మ నవ్వు ఆపుకోలేక, ఉబ్బిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇటు, ఇంకా ఇటు, వెన్ను దగ్గరకు రండి, ముడి వదులుగా ఉంచండి," అని చెప్పుకుంటూ కూర్చునేది. మధ్యాహ్నాల్లో అత్తగారు కుడుతుంటే కోడలు ఆ పుస్తకాలే పైకి చదివేది. చరిత్ర పుస్తకంలో రాజులు కొట్టుకుంటుంటే అత్తగారు ఇద్దరినీ తిట్టేది. నెల తిరిగేసరికి రోజుకు రెండు పుస్తకాలు కుట్టే స్థాయికి వచ్చింది. కుట్టు కాస్త వంకరే. గట్టిదనానికి మాత్రం వంక పెట్టలేం.

ఆరు నెలలు నిండాయి. చివరి పరీక్ష కూడా బాగానే వచ్చింది. ఎర్ర మాత్ర ఆగింది. కీళ్ళ డాక్టరు రక్తపరీక్షలన్నీ చేయించి, వారానికి ఒకసారి వేసుకునే వేరే మందు రాసిచ్చాడు. దగ్గు, జ్వరం వస్తే ఆ రోజే రావాలని కాగితం మీద గీత గీసి మరీ చెప్పాడు. వేళ్ళు మునుపటిలా కాలేదు. కుడిచేతి రెండు వేళ్ళు కొద్దిగా పక్కకు వాలిపోయాయి. కత్తిరింపు, అట్ట అతికించడం ఆమె చేసుకుంటుంది. కుట్టు అత్తగారిదే అయిపోయింది. తిరిగి ఇమ్మన్నా ఆవిడ ఇవ్వలేదు.

స్టెరాయిడ్‌ను తగ్గించి తగ్గించి, చివరికి పావు మాత్ర దాకా తెచ్చారు. ఒంట్లో గ్రంథులు లేచాయో లేదో చూడాలని, ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి మాత్ర వేసుకోకుండా రక్తం ఇచ్చి రమ్మన్నారు. ఇద్దరూ వెళ్ళారు. రెండ్రోజుల తర్వాత, అట్టలమ్మ జిగురు చేతులతో ఉండగా ఫోను మోగింది. అత్తగారే ఎత్తి ఆమె చెవికి ఆనించింది.

"మీ ఒళ్ళే తయారు చేసుకుంటోందమ్మా," అంది డాక్టరమ్మ. "ఇక మాత్ర ఆపేయండి. ఈసారి నేనే చెబుతున్నాను. పెద్ద జ్వరమేదైనా వస్తే మాత్రం నాకు చెప్పండి."

ఫోను పెట్టేశాక అత్తగారు, "ఏమంది?" అంది.

అట్టలమ్మ చెప్పింది. అత్తగారు చేతిలోని దారం బిగించి ముడేసింది.

"అయితే తలుపు వేసెయ్ అమ్మాయ్. ఇవాళ ఇక పని వద్దు. నది ఒడ్డు దాకా నడిచొద్దాం పద. నిన్ను ఎండలోకి తీసుకెళ్ళి ఎన్నాళ్ళయిందో."

అట్టలమ్మ చేతులు కడుక్కుంది. ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, వీధి పొడవునా, ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియకుండా నడిచి వెళ్ళారు.